ఆత్మకూరు నుంచి ఒకరు

ఆగస్టు 4, సోమవారం

నిన్న మొత్తం వచ్చినవాళ్లు: నలుగురు.

పొద్దున బీపీ మాత్ర వేసుకునే ముందు నా వెబ్‌సైటు లెక్క చూసుకోవడం పదిహేనేళ్ల అలవాటు. ఒకప్పుడు రోజుకి మూడువందల మంది వచ్చేవాళ్లు. ఇవాళ నాలుగు చూపించింది. మాత్ర రెండు వేసుకోవాలేమో.

సురేశ్‌బాబుకి ఫోన్ చేశాను. ఏడో తరగతిలో విభక్తులు తప్పు రాసి నా చేత గోడకుర్చీ వేయించుకున్న ఘనుడు. పెద్దయ్యాక ఉదయగిరి బస్టాండు దగ్గర నెట్ సెంటరు పెట్టి, 2010లో నాకు ఈ సైటు కట్టిచ్చింది వాడే. నెట్ సెంటరు ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఫోన్ల తెరలకి గాజు అతికిస్తాడు.

"నలుగురేనా మేడం? దాంట్లో ముగ్గురు మనుషులు కాదులే."

"మనుషులు కాకపోతే దయ్యాలా?"

"మిషన్లు మేడం. మన పేజీలన్నీ చదువుకోని పోతాయి. ఎవురన్నా ఉదయగిరి గెంటెల సంగతి అడిగితే అవే జవాబు చెప్పేస్తాయి. ఇంక మన సైటు దాకా వచ్చే పనేముండాది?"

అంటే వంట నాది. వడ్డన మాత్రం వీధిగుమ్మంలో ఎవరో చేసి పంపేస్తున్నారు. తిన్నవాళ్లు లోపలికి రారు, ఎవరు వండారని అడగరు.

గెంటెలంటే గరిటెలే. ఉదయగిరి కొయ్య గరిటెల గురించి తెలుగులో రాసి పెట్టిన మొదటి సైటు నాది. ఏ గరిటె ఎవరు చెక్కారు, నర్ది కొయ్య ఎన్నాళ్లు ఆరబెట్టాలి, ఏ ఆకురాయి ఎక్కడ వాడాలి, అంతా రాశాను. పుణె నుంచి ఒకావిడ 'మీ గరిటె సాంబారులో పెడితే నల్లబడింది' అని రాస్తే రెండు పేజీల జవాబిచ్చాను. ఆవిడ మళ్లీ రాసింది. మూడేళ్లు రాసుకున్నాం. ఆవిడ కోడలితో నాకేమీ పరిచయం లేదు కానీ ఆ పిల్ల తప్పులన్నీ నాకు కంఠస్థం.

మిషన్లు కోడళ్ల గురించి రాయవు.

ఆగస్టు 6

నిన్న ముగ్గురు. అందులో ఒకరు నేనే.

ఆగస్టు 8, శుక్రవారం

ఒక మనిషి మీద అనుమానంగా ఉంది. మనిషే, మిషన్ కాదు. ఊరి పేరు ఆత్మకూరు అని చూపిస్తోంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక వస్తారు. ఒకే పేజీ తెరుస్తారు, చేపతోక గరిటె పేజీ. పదకొండు నిమిషాలు ఉండి వెళ్లిపోతారు. వెనక్కి తిప్పి చూస్తే రెండేళ్లుగా ఇదే వరస.

ఎవడో వ్యాపారి. నమూనా దించుకుంటున్నాడు. కాడ చివర చేపతోకలాగా విచ్చుకుని, కాడ పొడవునా చిన్న చిన్న పొలుసులున్న గరిటె మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని ప్లాస్టిక్‌లో పోసి తిరనాళ్లలో అమ్ముతాడు. శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి దొంగతనానికి కూర్చునే భక్తుడన్నమాట.

"ఊరి పేరు అంత నమ్మొద్దు మేడం. ఒక్కోసారి జలదంకి వాణ్ణి నెల్లూరని చూపిస్తాది" అన్నాడు సురేశ్‌బాబు.

నమ్మకూడనివి ఇన్ని పెట్టుకుని లెక్క ఎందుకు చూపిస్తుందో.

ఆగస్టు 12, మంగళవారం

ముబషిరా వచ్చింది. మా ఆడబిడ్డ సాయిరాకి మనవరాలు. అవ్వని దాదీ అంటుంది, నన్ను పెద్ద దాదీ అంటుంది. ఆత్మకూరులో ఉంటారు. పిల్ల ఇరవై మూడేళ్లది, చదువుకుంది, ఉద్యోగం వద్దని ఉలి పట్టింది. పొద్దున మొదటి బస్సుకి వచ్చి, చెప్పులు విప్పకముందే సంచిలోంచి ఒక దరఖాస్తు తీసింది.

డిసెంబరులో విజయవాడలో హస్తకళల ప్రదర్శన పెడుతున్నారట. తరతరాలుగా పని చేసే ఇళ్ల వాళ్లకి విడిగా ఒక వరస ఇస్తారట. 'ఈ పనితనాన్ని మీ ఇంట మొదలుపెట్టినవారు' అని ఒక గడి ఉంది. సొంత అవ్వో, తాతో, తల్లో, తండ్రో అయి ఉండాలి. ముబషిరా అక్కడ 'సాయిరా, చేపతోక గరిటె' అని రాసింది. ఆత్మకూరు హస్తకళల ఆఫీసులో గురుస్వామి అనే గుమాస్తా దాన్ని తీసుకోలేదు.

"ఫోన్ ముందర పెట్టి చూపించినాడు పెద్ద దాదీ. 'ఇది బర్కతుల్లా చేసింది కదమ్మా, మీ దాదీ పేరు యాడుండాది?' అన్నాడు. ముప్పయ్యో తేదీ లోపల ఆధారం తెమ్మన్నాడు. లేకపోతే దరఖాస్తు పోయినట్టే."

బర్కతుల్లా అంటే మా ఆయన. సాయిరాకి అన్న. ముబషిరాకి సొంత తాత కాడు.

"ఆ మిషన్లు అట్లాగే వాగుతాయి. నేను చూస్తాలే" అన్నాను.

పిల్ల టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా మొహం చూసింది.

"పెద్ద దాదీ, చేసింది మా దాదీయే కదా?"

"నువ్వు ముందు టీ తాగు, చల్లారిపోతుంది" అన్నాను.

ఆగస్టు 13

మనవడు రియాజ్ ఫోన్లో నేర్పిస్తే మిషన్‌ని నేనే అడిగాను. వెంటనే చెప్పింది, ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డ మొదటి ర్యాంకు పిల్లాడిలాగా.

'చేపతోక గరిటెను ఉదయగిరికి చెందిన బర్కతుల్లా తొలిసారి చెక్కారు. పొలుసులు కుడికి వాలి ఉండటం ఆయన హస్తకౌశలానికి గుర్తు.'

హస్తకౌశలం అట. ఈ కాలంలో ఈ మాట ఎవరు వాడతారు?

కాపీ కొట్టినవాడు దొరికితే నేను మొదట చూసేది పక్కవాడి పేపరు. పక్కవాడి పేపరు చూశాను. నాదే. అక్షరం పొల్లుపోకుండా నాదే.

అయినా నేను ఊరికే రాయలేదు. ఎవరి గరిటె అని బజారులో పదిమందిని అడిగాను. పదిమందీ బర్కతుల్లాది అనే అన్నారు. పరిశోధన అంటే అదే కదా.

ఆగస్టు 15, శుక్రవారం

బడిలో జెండా వందనానికి పిలిచారు. మాట్లాడమన్నారు, మాట్లాడాను. సత్యమేవ జయతే అని కూడా అన్నాను. లడ్డు ఇచ్చారు, సగం వదిలేశాను. లడ్డు బాగాలేక.

ఆత్మకూరు, పదకొండు నిమిషాలు.

పదిమందిని అడిగాను.

ఆగస్టు 17, ఆదివారం

నేను చూశాను.

ఎవరినీ అడగక్కర్లేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో రోజునే చూశాను. వంటింటి వెనక వసారాలో సాయిరా కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఎడమచేతిలో ఉలి. కాడ మీద పొలుసులు ఒక్కొక్కటే లేస్తున్నాయి, చేప ఊపిరి తీస్తున్నట్టు. అడుగుల చప్పుడు వినగానే ఉలి గబుక్కున కుడిచేతికి మారింది. నేనని తెలిశాక మళ్లీ ఎడమచేతికి వచ్చింది.

మా వైపు పని జరిగే తీరే అంత. మగవాళ్లు మొద్దు కోసి, బాడిశతో రూపు తెచ్చి ఇంటికి పంపుతారు. ఆడవాళ్లు నునుపు చేసి నగిషీ చెక్కి, మోపు కట్టి అంగడికి పంపుతారు. అంగడి ఎవరి పేరు మీద ఉంటే గరిటె వాళ్లది. అంతవరకూ అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది.

అత్తగారు సాయిరా చేతిని కొంగు కింద దాచమనేది. "ఎడంచేత్తో చెక్కిన గెంటె అని తెలిస్తే అన్నంలో ఎవురు పెట్టుకుంటారు? అంగడి మూసుకోవాల్సిందే." అందుకని ఎవరు అడిగినా బర్కతుల్లా పని అనేవాళ్లం. అందరం. నాతో సహా.

మనిషి కుడిచేత్తో చెక్కితే పొలుసులు ఎడమకి వాలతాయి. ఎడమచేత్తో చెక్కితే కుడికి వాలతాయి. ఈ ఒక్క ముక్క తెలిసిన ఎవడైనా నా పేజీ చదివి నన్ను పట్టుకోవచ్చు. పదిహేనేళ్లు ఎవడూ పట్టుకోలేదు. నేను ఏ ధైర్యంతో ఆ వాక్యం రాశానో నాకే తెలియదు.

ఆయన మాత్రం ఒక్కసారి కూడా అబద్ధం ఆడలేదు. ఎవరైనా గరిటె తిప్పి తిప్పి చూసి మెచ్చుకుంటే మీసం దువ్వుకుని, "ఏదో, చెయ్యి అట్లా తిరిగింది" అని నవ్వేవాడు. ఎవరి చెయ్యో చెప్పేవాడు కాదు. నవ్వుతూ వంటింటి వైపు చూసేవాడు.

సాయిరా కోసమే దాచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ ఉంది. కానీ 2010 అంటే ఆయన పోయిన మరుసటి ఏడు. సమాధి మీద పేరు రాసిన రాయి పెడదామంటే మా పెద్దలు వద్దన్నారు. ఎక్కడో ఒకచోట ఆయన పేరు ఉండాలనిపించింది. సురేశ్‌బాబు వచ్చి, 'ఇక్కడ రాస్తే ప్రపంచమంతా చూస్తాది మేడం' అన్నాడు.

చూసింది.

ఆగస్టు 19, మంగళవారం

దిద్దేశాం. సురేశ్‌బాబు ఒక్క మీట నొక్కి పేజీ మొత్తంలో బర్కతుల్లా అన్నచోటల్లా సాయిరా అని మార్చేశాడు. నా గుండెలోంచి గుండ్రాయి తీసినట్టయింది.

ఇంటికొచ్చి చదువుకున్నాను. 'సాయిరా మీసం దువ్వుకుంటూ నవ్వేవాడు.'

వెంటనే ఫోన్ చేశాను.

"ఏందిరా ఇది? మా ఆడబిడ్డకి మీసాలు మొలిపించినావు!"

"ఒకటి మారిస్తే అన్నీ మారతాయి మేడం."

"అదే కదరా నా బాధ."

మీసాలు తీయించాను, ఆ వాక్యంతో సహా. మిషన్‌ని అడిగాను. బర్కతుల్లా అంది.

ఆగస్టు 20

బర్కతుల్లా.

ఆగస్టు 21, గురువారం

పొద్దున బర్కతుల్లా. మధ్యాహ్నం బర్కతుల్లా. జవాబు కింద బొటనవేలి బొమ్మ ఉంటే దాన్ని తలకిందులు చేసి, తప్పు ఏమిటో విడమరచి రాశాను. మర్యాదగా, అక్షరదోషాలు లేకుండా. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది. మళ్లీ అడిగితే బర్కతుల్లా.

"అది మళ్లీ మన పేజీ ఎప్పుడు చదువుతాదో దాని ఇష్టం మేడం. రేపు చదవచ్చు, ఆర్నెల్లకి చదవచ్చు" అన్నాడు సురేశ్‌బాబు.

నా తప్పు ఒక్క రోజులో లోకమంతా తిరిగొచ్చింది. దిద్దుబాటుకి మాత్రం బస్సు లేదట.

ఒకప్పుడు పేజీలో అక్షరం దిద్దితే చదివేవాళ్లకి దిద్దినదే కనిపించేది. ఇప్పుడు పేజీకి మనుషులు రారు. మేపడానికి నేను, మేయడానికి మిషన్లు. ఇంత వయసొచ్చి, ముప్పై నాలుగేళ్లు పంతులమ్మగా బతికి, చివరికి గడ్డివాము కాపలాకి కుదిరాను. అక్కర్లేదు.

"మూసెయ్యి" అన్నాను.

"ఏంది మేడం?"

"సైటు మూసెయ్యిరా."

మూశాడు. ఇప్పుడు తెరిస్తే తెల్లగా ఉంది. చాలా హాయిగా ఉంది. నాలుగుసార్లు తెరిచి చూశాను, ఎంత హాయిగా ఉందోనని.

ఆగస్టు 22, శుక్రవారం

రెండున్నరకి ఫోన్. ముబషిరా.

"పెద్ద దాదీ, సైటు ఏమైంది? తెరుచుకోవడం లేదే."

"నీకెందుకే దాంతో పని?"

"నాకు కాదు. దాదీ కూర్చోనుండాది. శుక్రవారం కదా."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"శుక్రవారం శుక్రవారం దాదీకి చదివి వినిపిస్తా ఉంటాను. కండ్లకి శుక్లాలు వచ్చినప్పటి నుంచి. ఆ చేపతోక పేజీ ఒక్కటే. ఇంకేది చదువుతానన్నా వద్దంటాది. హలో? పెద్ద దాదీ? లైన్లో ఉండావా?"

ఉన్నాను.

రెండేళ్లు. నూటికి పైగా శుక్రవారాలు. ప్రతిసారీ పదకొండు నిమిషాలు. నేను వ్యాపారి అనుకున్నాను. దొంగ అనుకున్నాను. ఆ చివరి మాట సగం నిజమే. దొంగ ఈ చివర ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

ఆత్మకూరు వెళ్లాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో వాక్యాలు కట్టుకున్నాను. సాయిరా గుమ్మంలోనే నా చెయ్యి తడిమి పట్టుకుని, "చిక్కిపోయినావు భాభీ" అంది. ఆ ఒక్క మాటతో నా వాక్యాలన్నీ కూలిపోయాయి.

బిర్యానీ పెట్టింది. తిన్నాక అడిగాను.

"నీ పేరు వేసినానేమో అని చూస్తా ఉన్నావా వారం వారం?"

"నా పేరా?" తెల్లబడ్డ కళ్లు నా వైపు తిప్పింది. "దేంట్లో?"

"ఆ పేజీలో."

"అయ్యో భాభీ, అందుకు కాదు. భాయీజాన్ నవ్వేది నువ్వు బాగా రాసినావు. మీసం దువ్వుకోని, చెయ్యి అట్లా తిరిగింది అని అనేది. అది వచ్చినప్పుడు ఆయన వసారాలో నిలబడి నా పక్క చూసినట్టే ఉంటాది. అందుకని చదివించుకుంటా ఉంటాను."

నేను దాన్ని మంగళవారం చెరిపాను. గురువారం ఇల్లు మొత్తం కూల్చాను.

ముబషిరా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఇద్దరినీ చూస్తోంది. అప్పుడు చెప్పాను. దరఖాస్తు సంగతి సాయిరాకి తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. అది కూడా చెప్పాను. వాళ్లు వారం వారం చదువుకున్న నా వాక్యాన్నే అప్పజెప్పాను. "సాయిరా, నీ పని ఆయన పేరుతో రాసింది నేను" అన్నాను. డెబ్బై రెండేళ్లొచ్చాక తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో పిల్లల్ని గోడకుర్చీ వేయించినప్పుడు నాకు తెలియదు.

సాయిరా చాలాసేపు ఎడమచేతి గోళ్లు తడుముకుంది.

"నా పేరు వేస్తే, ఎడంచెయ్యి సంగతి కూడా రాయాల్నా?"

"అదొక్కటే ఆధారం."

"అమ్మ ఒప్పుకోదు" అంది.

అత్తగారు పోయి ముప్పై ఏళ్లు. ఆ మాట మేమిద్దరం అనలేదు. ముబషిరా వచ్చి సాయిరా పక్కన కూర్చుంది. తన ఎడమచెయ్యి తీసి ఆవిడ ఎడమచేతిలో పెట్టింది. చూపుడువేలి పక్కన ఉలి పట్టి కాసిన కాయ. సాయిరా బొటనవేలితో దాన్ని తడిమింది, తన వేలి మీది కాయను తడిమింది.

"దీని పేరు పోతాది కదా, నేను మాట్లాడకపోతే" అంది. కాసేపటికి, "రాయి భాభీ" అంది.

రాత్రి అక్కడే ఉన్నాను.

ఆగస్టు 25, సోమవారం

ముగ్గురం ఆఫీసుకి వెళ్లాం. గురుస్వామి మర్యాదస్థుడే, వాళ్ల చెల్లెలు నా విద్యార్థినట. కుర్చీలు వేయించాడు. వేయించి, ఫోన్ తీశాడు.

"చూడండి మేడం, బర్కతుల్లా అనే చెప్తా ఉండాది."

"దానికి చెప్పింది నేనే."

"అయితే కరెక్టే కదా మేడం."

"తప్పు చెప్పినాను."

"అప్పుడు తప్పు చెప్పినారంటే, ఇప్పుడు చెప్పేది కరెక్టని ఎట్లా నమ్మేది?"

ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగాను. ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవడూ అడగలేదు.

ముబషిరా సంచి విప్పింది. సాయిరా యాభై ఏళ్ల కింద చెక్కిన గరిటె బల్ల మీద పెట్టింది. సగం చెక్కిన ఇంకో కాడ తీసి, ఎడమచేతిలోకి ఉలి తీసుకుని, ఆయన బల్ల అంచుకి ఆనించి చెక్కడం మొదలుపెట్టింది. పొట్టు ఆయన ఫైళ్ల మీద రాలింది. నాలుగు పొలుసులు లేచాయి. నాలుగూ కుడికి వాలాయి. పాత గరిటె పక్కన పెడితే తల్లీ పిల్లల్లాగా ఉన్నాయి.

"ఎడంచెయ్యా?" అన్నాడు గురుస్వామి.

"నీ ఫోన్లో రెండో వాక్యం చదువు నాయనా" అన్నాను. "పొలుసులు కుడికి వాలతాయని రాసి లేదూ? కుడిచేతివాడు చెక్కితే అట్లా వాలవు. బర్కతుల్లా కుడిచేతివాడు. నలభై ఏళ్లకి దగ్గరగా ఆ చేతికి టీ గ్లాసు అందించిన దాన్ని, నాకు తెలీదా?"

చదివాడు. రెండు గరిటెలూ తిప్పి తిప్పి చూశాడు. కలం తీసి, ఆగాడు.

"ఎడంచేతి పనితనం అని రాయమంటారా? గెంటెలు కదా మేడం, జనం ఏమన్నా అనుకుంటారేమో."

నేను నోరు తెరిచేలోపల సాయిరా అంది. "రాసుకో నాయనా. యాభై ఏండ్లుగా అందరూ దాంతోనే తిన్నారు. ఎవురికీ ఏమీ కాలేదు."

గడిలో సాయిరా అని రాశాడు. ముద్ర వేశాడు. ప్రదర్శనలో చోటు ఇచ్చేదీ లేనిదీ పైవాళ్లు చెప్తారట, నవంబరులో. పొట్టు ఊడ్చుకోవడానికి మాత్రం మమ్మల్ని చీపురు అడిగినట్టు చూశాడు.

ఆగస్టు 31

సురేశ్‌బాబు సైటు తెరిచాడు. ఈసారి మీట నొక్కనివ్వలేదు. ఆ పేజీ మొత్తం నేనే మొదటి నుంచి రాశాను. ఆయన నవ్వు ఆయనకే ఉంచాను, మీసంతో సహా. వంటింటి వైపు చూసేవాడని రాశాను. వంటింటి వెనక ఎవరున్నారో, ఏ చేత్తో చెక్కేదో రాశాను. దాచినవాళ్లలో నేనూ ఒకదాన్నని రాశాను. ఆ వాక్యం ఆరుసార్లు తీసేసి ఏడుసార్లు పెట్టాను.

హస్తకౌశలం అన్న మాట తీసేశాను. 'చెయ్యి అట్లా తిరిగింది' చాలు.

సెప్టెంబరు 3

మిషన్ చివరికి చదివినట్టుంది. ఇవాళ అడిగితే ఇలా చెప్పింది. 'చేపతోక గరిటెను ఉదయగిరికి చెందిన బర్కతుల్లా, సాయిరా అనే అన్నదమ్ములు రూపొందించారు.'

అన్నదమ్ములట. మీసాలు మళ్లీ వచ్చాయి.

బొటనవేలిని తలకిందులు చేయలేదు. మాత్ర వేసుకుని పడుకున్నాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

మీలాద్ పండగ, టీచర్స్ డే ఒకే రోజున వచ్చాయి. పిల్లలు ఫోన్లు చేశారు. సురేశ్‌బాబు వచ్చి కాళ్లకి దండం పెట్టి, నా ఫోన్‌కి కొత్త గాజు అతికించి పోయాడు. పాతది బాగానే ఉందని చెప్పినా వినలేదు.

ఒంటిగంట నుంచి లెక్క ముందు కూర్చున్నాను. రెండు. రెండుంపావు. వాళ్లింట్లో బంధువులు వచ్చారేమో. రెండుంపావుకి రావాలని నియమం ఏమీ లేదు. నేనేమన్నా హాజరు వేస్తున్నానా.

రెండూ నలభై. ఆత్మకూరు నుంచి ఒకరు.

ఇరవై మూడు నిమిషాలు.

ఒక్కసారి చదవడానికి పేజీ అంత పొడవు లేదు.